ఠేకేదారు విమానం

బర్మామైన్స్, జంషెడ్‌పూర్,
ఆగస్టు, 1981.

చి.ల.సౌ. తవిటమ్మకు నీ భర్త సూర్యం ఆశీర్వదించి వ్రాయునది.

బర్మామైన్స్ వీధివారికీ, లండను నగర పౌరులకూ ఇందుమూలముగా ప్రకటించడమేమనగా: మన వీధి కుళాయికి కొత్త వాషరు వేయబడినది. ముహూర్తం నేను పెట్టితిని. కొబ్బరికాయ ముసలయ్య చేత కొట్టించితిని. నీళ్లు మాత్రం ఇంకా రావడం లేదు.

నేనూ పద్మకుమారీ బాగానే ఉన్నాం. నువ్వూ, నువ్వు పెంచుతున్న డాక్టరమ్మగారి పిల్లలూ బాగున్నారని తలుస్తాను. బంగార్రాజు చేత పంపిన స్వెట్టరు అందింది. ఈ ఉక్కలో అది తొడుక్కుని టీ కొట్టుకి వెళ్లి, లండను చలి ఎలా ఉంటుందో అందరికీ వణికి చూపించాను. పద్మ చదువు అడిగావు. తొమ్మిదిలోకి వచ్చింది. తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. బీడీలు మానేశానా అని అడిగావు. అడుగుతూ ఉండు.

ఇక నీ అసలు ప్రశ్న. అంత దూరం నుంచి మన దేశానికి చవక టిక్కెట్టు మీద విమానం నడిపే కొత్త కంపెనీ ఒకటి వచ్చిందని, దాంట్లో ఏడాదికోసారి వచ్చి మమ్మల్ని చూసిపోవచ్చని, కనుక డాక్టరమ్మగారు అడిగినట్టు ఇంకో మూడేళ్లకు సంతకం పెట్టనా అని రాశావు. ఈ ఏటితో ఆయా పని చాలించి పూర్తిగా వచ్చేస్తావని కదా మొదటి మాట! అది చదివాక కొన్నాళ్లు నేనెవరితోనూ వేళాకోళమాడలేదు. వీధివాళ్లు నాకు జ్వరమనుకుని కషాయం తెచ్చారు.

సరే, పదిమందిలో పెడదామని టీ కొట్టులో కదిపాను. మన రైల్వే ముసలయ్య నీ పక్షం.

"ఏటి బావా, గొప్పోళ్లే ఎగరాలేటి? రైలుకి జనరల్ బోగీ లేదా? ఇదీ అంతే. ఆడు తిండెట్టకపోతే మనమే పులిహోర మూట కట్టుకుపోతాం."

"జనరల్ బోగీ ఆగిపోతే దిగి పట్టాలంట నడుత్తావు. సముద్రం మీద ఏటి నడుత్తావు బావా?" అన్నాను.

"అలాగని మా సెల్లి ఏళ్లకేళ్లు మొగుడి మొకం సూడకుండా ఉండాలా? అయినా, నీ మొకంలో ఏటుందిలే!"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. అప్పుడు నేను వేసిన వాదన ఇది. పెద్ద కంపెనీలో ఒక క్రేను చెడితే ఇంకొకటి వస్తుంది. మా కాంట్రాక్టరు, అదే మా ఠేకేదారు, దగ్గర ఉన్నది ఒక్కటే. అది చెడిందా, మా గ్యాంగంతా నీడన కూర్చోవాలి. హాజరు పడదు, ఆ రోజు కూలీ రాదు. ఎప్పుడు బాగవుతుందో చెప్పే నాథుడుండడు. చవక విమానమూ అంతే, ఠేకేదారు విమానం. కలకత్తాకో పట్నాకో అయితే ఫరవాలేదు, చెడితే రైలెక్కి వస్తాం. దేశాలు దాటే దారికి, చేతిలో రెండో విమానం లేనివాడు దిగవచ్చునా?

సాక్ష్యం కూడా చెప్పాను. లండనులో వంటపని చేసి, ఆ విమానంలోనే వచ్చాడు కదా మన భుయ్యాడీహ్ బస్తీ బంగార్రాజు. రైలు అలవాటు కొద్దీ పెట్టెను గొలుసుతో సీటు కాలికి కట్టి తాళం వేశాడట. విమానంలో పనిచేసే పిల్ల వచ్చి విప్పమంటే, "నాను కునుకు తీత్తే నువ్వు కాపలా ఉంతావేటమ్మా?" అన్నాడట. అంతవరకూ నవ్వులాటే. తర్వాత విమానం చెడి, దారిలో ఏదో ఎడారి ఊళ్లో అందరినీ దింపేశారు. ఇంకో విమానం లేదు. రోజుల తరబడి సిమెంటు నేల మీద పడుకున్నాడు. ఇది విని ముసలయ్య నా టీకి కూడా తనే డబ్బులిచ్చి లేచిపోయాడు. నువ్వూ ఒప్పుకుంటావనుకుని ఇక్కడికి ఉత్తరం ముగించాను.

పద్మ నా భుజం మీదుగా ఉత్తరమంతా చదివింది. "పాపా, అమ్మ హర్ సాల్ ఆయేగీ, ఫిర్ హర్ సాల్ జాయేగీ?" అంది. ఏటేటా వస్తుంది, ఏటేటా పోతుందా అని! ఠేకేదారూ క్రేనూ అంటూ ఇన్ని కబుర్లు చెప్పానా, నేను రాయలేకపోయిన ముక్క మాత్రం అదే. అది దాని నోట వచ్చింది.

ముసలయ్య మాటే న్యాయం తవిటీ. మనలాంటి వాళ్లు కూడా ఎగరాలి. కానీ టిక్కెట్టు ప్రియమైతే ఒక్కసారి వచ్చి ఇంట్లో ఉండిపోతావు. చవకైతే ఎన్నేళ్లయినా వచ్చిపోతూనే ఉంటావు. చుట్టపుచూపుకి వచ్చే పెళ్లాం నాకొద్దు. నేను ఏ కొంటెపని చేసినా జనం నవ్వి ఊరుకుంటున్నారు. తిట్టేవాళ్లు లేరు.

ఆ సంతకం పెట్టకు. వచ్చెయ్. ఠేకేదారు విమానమైనా సరే ఎక్కు. ఎడారి ఊరూ లేదు, సిమెంటు నేలా లేదు, అదంతా నా కల్పన. బంగార్రాజు విమానం దారిలో ఎక్కడా చెడలేదు. చెప్పిన వేళకి దిగాడు. రావడానికి అది మంచి విమానమే.

ఇట్లు,
పద్మ తండ్రి,
సూర్యం