వెచ్చటి చెయ్యి

అన్నయ్యా,

ఇవాళ నీ సంవత్సరీకం. నీకు కొడుకుల్లేరని తమ్ముడే నాగాయలంక నుంచి వచ్చి పెట్టాడు. తర్పణానికి వాడు చెయ్యి చాచాడు. చెంబుతో నీళ్ళు పోస్తుంటే, వాడి అరచెయ్యి ఎర్రగా కనిపించింది. ముఖం మాత్రం సున్నం కొట్టినట్టుంది.

నువ్వు మంచాన పడ్డప్పుడు నీకూ అంతే. చెయ్యి వెచ్చగా ఉందనీ, నాడి గట్టిగా కొట్టుకుంటోందనీ, ఇక కోలుకున్నట్టేననీ వీధంతా చెప్పుకొచ్చాను. బందరు డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచారు.

"అది బలం కాదమ్మా. తాగుడుకి లివరు గట్టిపడి రక్తనాళాలు వదులైపోయాయి. దానికితోడు రక్తం తగ్గిపోయింది. ఉన్న కాస్త రక్తాన్నే గుండె పరుగులు పెట్టిస్తోంది. ఎన్నాళ్ళని పెట్టిస్తుంది?"

పదకొండు రోజులు పెట్టించింది.

భోజనాలయ్యాక తమ్ముణ్ణి అడిగాను, తాగుడు మానేశావా అని.

"ఎప్పుడో మానేశానక్కా. నాకేం, కావాలంటే చూడు" అని నా చేతిలో చెయ్యి పెట్టాడు. నాడి నా వేళ్ళని తన్నుతోంది.

అమ్మ కూడా వచ్చి ఆ చెయ్యి పట్టుకుని చూసింది.

"వెచ్చగా ఉందే! వీడికేం భయంలేదు" అంది.

నీ మంచం పక్కన కూర్చుని నేనన్న మాటే, అన్నయ్యా.