దయ్యానికి తెలియని మడతబందు

నా బంగారు అక్కకి,

ఫోనులో "హాయిగా ఉన్నానే" అన్నానే, అది మీ మరిది పక్కన కూర్చుని అనిపించిన మాట. అసలు సంగతి ఈ కాగితంలో రాస్తున్నాను. ఆయన ఆఫీసుకెళ్తూ బయట తాళం వేసుకుని వెళ్తాడు, లోపల నన్ను పెట్టి. ఉద్యోగంలో చేరతానన్న మర్నాటి నుంచీ ఇదే వరస. ఫోను ఆయన జేబులోనే. కింద వాటాలో కుట్టుపని చేసే ఆవిడని కిటికీలోంచి పిలిచి, తాళం పగలగొట్టించమని బతిమాలాను. "మీ ఆయన అంతా చెప్పాడమ్మా. నీకు మతి నిలకడగా ఉండదట, ఎటో వెళ్ళిపోతావట. కాసేపు పడుకో తల్లీ" అంది జాలిగా. చిన్నప్పుడు అందరూ పిడుగన్న దాన్ని, ఇప్పుడు పిచ్చిదాన్నయ్యాను!

నిన్న మధ్యాహ్నం ఏమీ తోచక అటక సర్దుతుంటే, ఇదివరకు అద్దెకున్నవాళ్ళు వదిలేసిన సినిమా డిస్కులు దొరికాయి. ఒకదానికి అట్ట కూడా లేదు. పెట్టి చూశాను. నలుపు తెలుపు దయ్యం సినిమా. ఎప్పటిదో, ఎవరు తీశారో, పేర్లు పడే చోటంతా గీతలే. ఒక్కటీ ఎరిగిన మొహం కాదు. మొగుడు పెళ్ళాన్ని మేడమీద గదిలో పెట్టి తాళం వేస్తాడు. ఆవిడ అక్కడే చచ్చి దయ్యమవుతుంది. ఇక సినిమా అంతా ఆవిడ తలుపు బాదడం, కింద వాళ్ళు గజగజలాడడం. నాకు మాత్రం భయం వెయ్యలేదే అక్కా. "తలుపు తియ్యండి" అనడం తప్ప ఆ పిల్ల ఎవర్నీ ఏమీ అనలేదు. చివరికి గుమ్మానికి అడ్డంగా గోడ కట్టేసి, అందరూ కులాసాగా భోజనానికి కూర్చుంటారు. శుభం! ఒళ్ళు మండిపోయింది.

మళ్ళీ పెట్టాను. ఈసారి గది లోపలి నుంచి తలుపు చూపించగానే ఫక్కున నవ్వొచ్చింది. మడతబందులు మూడూ లోపలే ఉన్నాయి! వడ్రంగి కూతుళ్ళం, మనకొకరు చెప్పాలా? తలుపు ఎటు తెరుచుకుంటే బందులు అటే. వాటి మధ్య సీల పైకి తన్ని తీసేస్తే తలుపే ఊడొస్తుంది. నాన్న ఉంటే "ఓసి పిచ్చిమొహమా, తాళం వాడివైపుంటే ఏం, బందు నీవైపుంది కదే!" అని తెర మీదికి కేకలేసేవాడు. నవ్వి నవ్వి తల తిప్పానా, ఎదురుగా మా తలుపు. దానికీ బందులు లోపలే.

క్యాలెండర్ మేకు పీకి, సీల కింద ఆనించి, రుబ్బురోలు పొత్రంతో కింది నుంచి కొట్టాను. సీల కదిలింది. గబుక్కున మళ్ళీ దింపేశాను. తలుపు పీకేసి బయటికొస్తే, చూశారా పిచ్చిదే అనరూ? నువ్వు మాత్రం నమ్ముతావా? ఈ ఉత్తరం కిటికీలోంచి పడేస్తే పోస్టు చేస్తానంది కుట్టుపని ఆవిడ, పాపం.

నీ పిడుగు


అక్కా,

నీ జవాబు వచ్చేదాకా ఆగలేకపోయాను, ఏమనుకోకు.

పొద్దున ఆయన మెట్లు దిగగానే మూడు సీలలూ కొట్టేశాను. తలుపు ధడాలున జారి తాళం మీద వేలాడింది. ఆ చప్పుడుకి కుట్టుపని ఆవిడ, మెడలో కొలతల టేపుతోనే పరుగెత్తుకొచ్చింది. చెమటలు కక్కుతూ నేను, చేతిలో పొత్రం. నన్ను చూసింది, తాళాన్ని చూసింది. "పిచ్చివాళ్ళకి ఇంత బుర్ర ఎక్కడిదమ్మా!" అంటూ తలుపు రెండో చివర పట్టుకుంది. ఇద్దరం కలిసి గోడకి చేరేశాం. నాకప్పుడు ఏడుపొచ్చింది.

దొంగలా పారిపోకూడదు, ఎదురుగా చెప్పే వెళ్ళాలని ఆగాను. సాయంత్రం ఆయన వచ్చాడు. ఆ గుమ్మంలో ముందు నన్ను చూస్తాడనుకున్నాను. తాళం పట్టుకుని గుంజి చూసుకున్నాడు!

"మీ తాళం చెక్కుచెదరలేదు. దాన్ని మీరే ఉంచుకోండి" అన్నాను.

"లోపలికి నడు" అన్నాడు.

"ఆ అమ్మాయి రాదు" అంది నాకు తోడుగా అక్కడే కూర్చుని గుడ్డ కత్తిరిస్తున్న కుట్టుపని ఆవిడ, చేతిలో కత్తెర దించకుండానే.

ఇప్పుడు ఆ కుట్టుపని ఆవిడ చెల్లెలింట్లో ఉన్నాను. ఆదివారం నీ దగ్గరికొస్తున్నాను. వచ్చి నీ తలుపు దబదబా బాదుతాను. భయపడకు అక్కా, లేచొచ్చి తియ్యి. అంతే, ఇంకేమీ అడగను.

నీ పిడుగు