అత్తమ్మ చెప్పిన రంది

మే 1991, శుక్రవారం

నిద్ర పట్టడం లేదంటే అత్తమ్మను రామన్నపేట దవాఖానకు తీసుకెళ్లాను.

"ఏం రంది వెట్టుకున్నవవ్వా?" అని డాక్టరు అడిగాడు. బోరు ఎండిందనో, కొడుకు తాగుతున్నాడనో చెబుతుందనుకున్నాను. ఆమె నా వైపు వేలు చూపింది.

"ఇగో, గీమెనే నా రంది."

బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా నవ్వారు. రంది అంటే మనసులో ఉండే దిగులే అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. దానికి నా ముఖం ఉందట. పన్నెండేళ్లుగా ఆమె కాళ్లు పిసుకుతున్నాను.

"నిద్రగోలి నువ్వే ఇయ్యాలమ్మా, ముసలామె మర్చిపోతది" అని డాక్టరు చీటీ నాకే ఇచ్చాడు.

ఇప్పుడు పక్క గదిలో ఆమె దొర్లుతోంది. గోలీలు నా కొంగుముడిలో ఉన్నాయి.

"ఏమే, గోలియ్యవా?"

మూడుసార్లు పిలిచింది. వినబడనట్టు రాస్తున్నాను.