బల్లమీద రెండు కత్తెరలు

అమ్మాయీ, నా పేరు మళ్ళీ రాశారు తల్లీ! సంఘం పుస్తకంలో, నీలం సిరాతో, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, దాని పక్కన చిన్న అక్షరాలతో 'కాలర్ల మాస్టరు' అని కూడా. ఇరవై ఆరేళ్ళ తరవాత నిన్న సాయంత్రం నా పేరు పిలిచారు, నేను లేచాను.

చూశావా, సంతోషంలో ఉత్తరం వరస కూడా తప్పాను. ముందు రాయవలసింది ఇది: నిండు నూరేళ్ళు చల్లగా ఉండవలసిన మా అమ్మాయికి, నాన్న కోటి దీవెనలతో రాసేది. నేనూ మీ అమ్మా ఒంట్లో బాగానే ఉన్నాం. మనసుల సంగతి కింద రాస్తాను. నువ్వూ, మీ ఆయనా కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాం. దాన్ని నేను మూడుసార్లు చదివాను, మీ అమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, మెట్లు దిగేటప్పుడు నన్నూ మెట్లనీ కలిపి తిడుతోంది. నా కుడికన్ను ఆపరేషన్ తరవాత బ్రహ్మాండంగా ఉంది. మొన్న కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించి మీ అమ్మకి చూపించాను, 'ఇప్పుడెవరు కుట్టమన్నారు మిమ్మల్ని' అంది. మిషన్‌కి నూనె వేస్తున్నావా అన్నావు. వారానికోసారి వేస్తున్నాను. ఇక నువ్వు మరీ మరీ అడిగిన పాఠం సంగతి ఉంది, దానికి చివర్లో వస్తాను. ముందు నిన్నటి ముచ్చట చెప్పనీ.

మన దర్జీల సంఘం గది నీకు గుర్తుండే ఉంటుంది, దారాల కొట్టు పైన. ఏమీ మారలేదు. అదే పొడుగు బల్ల, అంచున మేకులతో కొట్టిన అదే టేపు, అంకెలు చెరిగిపోయి. సమావేశంలో పేరు పిలిస్తే మనవాళ్ళు 'ఉన్నాను' అనరు, ఎవరి కత్తెర వాళ్ళు బల్లమీద పెడతారు, పిడి తమవైపు ఉండేలా. నోటితో ఎవరైనా ఉన్నానంటాడు, పనిముట్టు పెట్టినవాడే మనవాడు అని మొదటి అధ్యక్షుడు పెట్టిన పద్ధతి. సభ ముగిసేదాకా కత్తెర తియ్యకూడదు. మధ్యలో తీశారంటే సంఘంతో తెగిపోయినట్టు. ఆనాడు నన్ను తీసివేసినప్పుడు 'నీ కత్తెర నువ్వు తీసుకో' అన్న ఒక్క మాటే అన్నారు. అది ఎత్తుతుంటే బల్లమీద గీసుకుని చేసిన చప్పుడు ఇన్నేళ్ళూ నా చెవిలోనే ఉంది.

నిన్న అధ్యక్షుడు, ఆ కోట్ల మాస్టరు, నీ అర్జీ పైకి చదివాడు. ఏం రాశావమ్మా! ముప్ఫై ఒక్కమంది సభ్యుల్లో ఒకణ్ణి తీసెయ్యాలంటే ఇరవై ఒక్క చేతులు లేవాలని నిబంధనలో ఉందనీ, ఆనాడు లేచినవి పంతొమ్మిదేననీ, కాబట్టి ఆ తొలగింపు చెల్లదనీ. పాత పుస్తకం తెచ్చి చూశారు. పంతొమ్మిదే. కుర్రదర్జీలు చప్పట్లు కొట్టారు. కాలేజీలో పాఠం చెప్పే కూతురు ఉంటే ఇలా ఉంటుంది మరి అన్నాడు ఎవరో. నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగి చొక్కా గుండీ తెగుతుందేమో అనిపించింది. పేరు పిలిచారు. మా నాన్న ఇచ్చిన కత్తెర, పాత తువ్వాల్లో చుట్టి దాచినది, తీసి బల్లమీద పెట్టాను. ఏడ్చాను కూడా, నీ దగ్గర దాపరికం ఎందుకు.

నీ అర్జీలో రెండో కోరిక కూడా ఒకటుంది కదా. ఆనాటి ఫిర్యాదు కక్షతో చేసిన అబద్ధమని పుస్తకంలో రాయాలని. అదీ ఒప్పుకున్నారు. అదీ రాశారు.

ఆ ఫిర్యాదు చేసింది మీ బాబాయి అని నీకు తెలుసు. నిన్న అతను కూడా ఉన్నాడు, గోడవైపు చివరి కుర్చీలో. బాగా చిక్కిపోయాడు. అతని కత్తెర కూడా మా నాన్న ఇచ్చిందే, నాదానికి జోడు. బల్లమీద ఆ రెండూ ఎదురెదురుగా ఉన్నాయి. 'అబద్ధం' అన్న మాట పుస్తకంలో రాయడం పూర్తికాగానే మీ బాబాయి లేచాడు. బల్ల దగ్గరికి వచ్చాడు. నావైపు చూడలేదు. అధ్యక్షుడితో, "అప్పటికి నాకు చూపు సరిగా లేదని కూడా రాసుకోండి మాస్టారూ, లెక్క సరిపోతుంది" అన్నాడు. తన కత్తెర తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నలభై మూడేళ్ళ సభ్యత్వం. కత్తెర బల్లమీద గీసుకుని అదే చప్పుడు చేసింది.

కుర్రవాళ్ళకి అదేమీ పట్టలేదు. నా మెడలో ఒక టేపు దండలా వేశారు. అది వేసుకునే ఇంటికి వచ్చాను. అరకిలో మిఠాయి కొన్నాను. మీ అమ్మ తలుపు తీసి, టేపు చూసి, మిఠాయి చూసి, లోపలికి వెళ్ళిపోయింది. ఎంత బతిమాలినా ముక్క నోట్లో పెట్టలేదు. చివరికి అన్నది ఒకటే.

"మీ పేరు రాశారు, సంతోషం. మరి మా చెల్లెలి మొగుడి పేరు ఏ పుస్తకంలోంచి కొట్టేశాం మనం? ఎక్కడని వెతికి రాస్తారు?"

తల్లీ, ఇప్పుడు నీ పాఠం సంగతికి వస్తాను. సమితి అంటే ఏమిటో, సంస్థ అంటే ఏమిటో పిల్లలకి అర్థమయ్యేలా నా అనుభవంలోంచి ఒక ఉదాహరణ చెప్పమన్నావు. సంస్థ అంటే నేను ఇన్నాళ్ళూ పెద్ద మేడా, గేటూ, బోర్డూ అనుకున్నాను. కాదని నువ్వే విడమరిచి రాశావు. ఒక పనికోసం నలుగురూ చేరితే సమితి, అందులో చేరవచ్చు, మానెయ్యవచ్చు, మన దర్జీల సంఘంలాగ. సంస్థలో చేరడం ఉండదు, అది మనుషులు నడుచుకునే పద్ధతి, పెళ్ళి, కుటుంబం, పెద్దాచిన్నా లాంటివి, అన్నావు. ఎనిమిదో తరగతి చదివినవాడికి అంతకంటే బాగా ఎవరు చెప్పగలరు. కానీ నీ ఉత్తరం కింద ఇంకో వాక్యం ఉంది. సమితి మనిషికి అన్యాయం చేసినా కుటుంబమనే సంస్థ అతన్ని కాపాడుతుందనడానికి 'మా నాన్నే సాక్ష్యం' అని నన్ను చూపించి పాఠంలో రాస్తానన్నావు. అది రాయకు. ఎందుకు రాయవద్దో చెప్పడానికే ఇంత ఉత్తరం. కలం అక్కడికి వెళ్ళనంటోంది, అందుకే మోకాళ్ళూ కళ్ళూ అన్నీ రాశాను.

నీకు అప్పుడు తొమ్మిదేళ్ళు. యూనిఫారాల కంట్రాక్టరు కుట్టుకూలి తగ్గించాడని సంఘం పని ఆపింది. ప్రతి దర్జీ మిషన్‌మీద గుడ్డ కప్పాలి, కంట్రాక్టరు దిగివచ్చేదాకా తియ్యకూడదు. దుకాణంలో ఉన్నవాళ్ళది అందరికీ కనిపించేది. మీ బాబాయిది దుకాణం. మన మిషన్ ఇంట్లో. ఇరవై ఐదో రోజున కంట్రాక్టరు స్వయంగా మనింటికి వచ్చాడు. ఆరు తెల్లచొక్కాలు కావాలన్నాడు, ఎవరో పెద్దమనిషికట. 'ఈ ఊళ్ళో కాలరు తిప్పగల చెయ్యి నీదొక్కటే, మిగతావాళ్ళు కుట్టేవి సంచులు' అన్నాడు.

నీకు జ్వరమొచ్చిందనో, ఇంట్లో బియ్యం లేవనో రాస్తే నువ్వు నమ్ముతావు. అవేమీ కాదమ్మా. ఆ మాటకి పడిపోయాను. ఇరవై ఐదు రోజులు ఊరికే ఉన్న చేతికి ఆ తెల్లగుడ్డ తగిలితే ఆగలేకపోయాను. మధ్యాహ్నం పూట రేడియో పెద్దగా పెట్టి ఆరు చొక్కాలూ కుట్టాను. కాజాలు తియ్యడానికి మీ అమ్మని కూర్చోబెట్టాను. వద్దంది. 'ఇంటాయన చెప్పింది చెయ్యి' అన్నాను. చేసింది.

కంట్రాక్టరు ఆ చొక్కాలు ఏ పెద్దమనిషికీ ఇవ్వలేదు. తన కొట్టు అద్దాల వెనక వరసగా వేలాడదీశాడు. చూడండి, మీవాళ్ళే కుట్టిపెడుతున్నారు అని. ఇంకో ఆరు రోజులకి అందరూ గుడ్డలు తీసేశారు. కూలి తగ్గింది తగ్గినట్టే ఉండిపోయింది. ఎన్ని ఇళ్ళలో ఎన్నేళ్ళు ఆ కూలితో గడిపారో నాకు తెలుసు.

మా నాన్న నాకూ మీ బాబాయికీ కాలరు మొన తిప్పడం ఒక పద్ధతిలో నేర్పాడు. అందరూ కత్తెర కొసతో పొడిచి తిప్పుతారు. మేం లోపల ఒక దారప్పోగు వేసి దానితో లాగుతాం. మొన సూదిలా వస్తుంది, లోపలివైపు నలుసంత ముడి మిగులుతుంది. ఊరంతా వెతికినా ఆ ముడి ఇద్దరే వెయ్యగలరు. మీ బాబాయి ఒక చొక్కా కొని సభకి తెచ్చాడు. కాలరు తిరగేసి బల్లమీద పరిచి, "ఇది మా ఇంటి కుట్టు. నేను కుట్టలేదు" అన్నాడు. ఇంకో మాట అనలేదు. నా పేరైనా ఎత్తలేదు. నేను నోరు ఊరుకోలేక, "నేనూ కుట్టలేదు" అన్నాను.

సంఘం అతన్ని నమ్మింది, అతని మిషన్‌మీద గుడ్డని నెలరోజులుగా వీధంతా చూసింది కాబట్టి. మన ఇంటివాళ్ళూ బంధువులూ నన్ను నమ్మారు. ఎందుకు నమ్మారో తెలుసా? నేను పెద్దవాణ్ణి. ఇంటికి పెద్దవాడు అబద్ధమాడడు, చిన్నవాడు అసూయపడతాడు. అంతే. ఎవరూ ముడి చూడలేదు, చేతులెత్తమనలేదు. తమ్ముడే కుట్టి అన్నమీదకి తోశాడు అన్నారు. నేను అవునని కూడా అనలేదు, ఊరుకున్నాను. ఊరుకుంటే చాలు, మిగతాది దానంతటదే జరిగిపోయింది. శుభకార్యాలకి పిలవడం మానేశారు. పిల్లలకి అతని పేరు చెప్పడం మానేశారు. అక్కాచెల్లెళ్ళిద్దరు అన్నదమ్ములిద్దర్నీ చేసుకున్నారు కదా, మీ అమ్మ తన సొంత చెల్లెల్ని కుళాయి దగ్గర చూసి ముఖం తిప్పుకోవలసి వచ్చింది, నా అబద్ధం నిలబెట్టడానికి. పిన్ని వంతు రాకముందే ఖాళీ బిందెతో వెనక్కి వెళ్ళిపోయేది, అక్కని ఇబ్బంది పెట్టడం ఎందుకని.

నీ పెళ్ళికి ఒక పొట్లం వచ్చింది. నీకు తెలియదు. మీ బాబాయి కుట్టి పంపిన జాకెట్టు అని తెచ్చిన కుర్రాడు చెప్పాడు. నీ కొలతలు ఎవరిస్తారు అతనికి? నువ్వు కాలేజీకి తన దుకాణం ముందునుంచి నడిచి వెళ్ళేదానివి, చూసి తీసుకున్నాడు. విప్పకుండా తిప్పి పంపాను. విప్పి చూడాలని ఉండింది. ఆ కుట్టు ఎలా ఉందో చూడాలని ఒక పనివాడిగా ఎంత ఉండిందో చెప్పలేను.

ఇదే నా ఉదాహరణ. నన్ను సంఘం తీసేసింది. దానికి పుస్తకం ఉంది, తేదీ ఉంది, నిబంధన ఉంది, పంతొమ్మిది చేతులున్నాయి. తప్పు పట్టుకోవడానికి నా కూతురికి ఒక కాగితం దొరికింది. మీ బాబాయిని మన కుటుంబం తీసేసింది. ఏ రోజున తీసేసిందో చెప్పలేను. పుస్తకం లేదు, సభ లేదు, అర్జీ పెట్టుకోవడానికి అధ్యక్షుడు లేడు. సమితికీ సంస్థకీ తేడా పిల్లలకి ఇలా చెప్పు. నీకిష్టమైతే నా పేరుతోనే చెప్పు.

నీ అర్జీలో అబద్ధం నీది కాదమ్మా, నాది. నువ్వు దానికింద సంతకం పెట్టావు, అది నాకు నిద్ర లేకుండా చేస్తోంది. నిన్నటి సంతోషం మాత్రం నిజమే. మెడలో టేపు వేసుకుని బజారంతా నడిచాను, పలకరించినవాడికీ పలకరించనివాడికీ చెప్పాను. ఒక్క సాయంత్రం ఆ పేరు నాదైంది, చాలు. వచ్చే ఆదివారం మళ్ళీ సభ పెట్టమని కోట్ల మాస్టరుకి పొద్దున్నే చెప్పి వచ్చాను. పేరు పిలిచాక కత్తెర పెడతాను, జరిగింది చెబుతాను, వాళ్ళు అడగకముందే తీసుకుంటాను. ఆ రెండో వాక్యం కొట్టేసి మీ బాబాయి చెప్పింది నిజమని రాయమంటాను. పుస్తకం ఉంది కాబట్టి అది తేలికే. రెండోదే కష్టం, మన కుటుంబంలో అతని పేరు మళ్ళీ రాయించడం. దానికి నువ్వు సాయం చెయ్యాలి. నిన్న నా సంతోషం చెప్పడానికి రాసుకున్న పేర్ల చీటీనే ఈ ఉత్తరం కింద ఎక్కించాను. వీళ్ళందరికీ నువ్వు చెప్పాలి, ఉత్తరాలతో కాదు, నోటితో.

మీ అమ్మ ఇంతసేపూ పక్కన కూర్చుని నేను రాసేది చూస్తోంది. ఇందాక మిఠాయి పొట్లం విప్పింది. తినలేదు, సగం వేరే కాగితంలో పెట్టి దారం కట్టింది. ఎవరికని నేను అడగలేదు.

ఇట్లు,
ఇంకా నువ్వు ఒప్పుకుంటే,
మీ నాన్న

చెప్పవలసినవాళ్ళు:

మీ పెద్దత్తయ్యకి. కూర్చోబెట్టి చెప్పు, గుండెజబ్బు మనిషి. మీ బాబాయి పంపిన పళ్ళు వీధిలో పారబోసింది ఆవిడే, నా మొహం చూసి.

మీ మావయ్యకి. సంతలో బాబాయి చొక్కా పట్టుకున్నాడు నా తరపున. ఆ చెయ్యి ఇప్పుడు ఏం చేసుకుంటాడో అతన్నే నిర్ణయించుకోమను.

మా మేనత్తకి. చెవులు వినబడవు, రాసి చూపించు. పెద్ద అక్షరాలతో రాయి.

మీ అన్నయ్యకి. వాడు బాబాయి భుజాలమీద తిరిగినవాడు. వాడికి చెప్పడం నాకు చేతకాదు.

మీ ఆయనకి. పెళ్ళిలో ఎవరు లేరో ఆయనకి తెలియనే తెలియదు.

బాబాయికీ పిన్నికీ చెప్పనక్కర్లేదు. వాళ్ళకి ఇరవై ఆరేళ్ళుగా తెలుసు.