వేపపిండి మీద బూజు

ముమ్మిడివరం,
12-8-1998

మస్కట్‌లో ఎండకి మాడుతూ కష్టపడుతున్న మీకు, కృష్ణవేణి నమస్కారాలు.

కొబ్బరితోటని కామరాజుగారి రొయ్యల చెరువుకి ఇచ్చేయమని రాశారు. మొదళ్ళ దగ్గర ఎర్రటి బంక కారి, చెట్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోతుంటే మీరు మాత్రం ఏం చేస్తారు? కానీ మీరు వెళ్ళినప్పటినుంచీ వాటికి నీళ్ళు కట్టింది నేను. నన్నొక్క మాట అడగలేదు. అదే నాకు కష్టంగా ఉంది.

మీకు రాయని సంగతొకటుంది. ఆ తెగులు మట్టిలో ఉండే చెడ్డ బూజు వల్ల వస్తుందట. దాన్ని తినేసే మంచి బూజు కూడా ఉందని, వ్యవసాయాఫీసరుగారు అదుండే ట్రైకోడెర్మా పొడి ఇచ్చారు. దాన్ని వేపపిండి, పశువుల ఎరువుతో కలిపి, పైన తడి గోనె కప్పి, పాకలో నీడన మాగబెట్టాను. పచ్చగా బూజు కట్టింది. నా సంతోషం ఏం చెప్పను! తీరా చెట్లకి వేసే రోజున నేను బజారునుంచి వచ్చేసరికి అత్తయ్యగారు కుప్పంతా ఎండలో పరిచి, సున్నం చల్లేశారు. ఆ ఎండకీ సున్నానికీ మంచి బూజంతా చచ్చిపోయింది. పిండి పాడైపోయిందనుకున్నారట. నేను చూస్తే బాధపడతానని ముందే శుభ్రం చేశారట. ఆవిడ ఊరగాయ జాడీలో బూజునే ఎరుగుదురు, ఏమనను? పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను.

నాకింక ఓపిక లేదండీ. కామరాజుగారిని రమ్మని కబురు పెట్టాను.

అలిసిపోయిన మీ
కృష్ణవేణి

ముమ్మిడివరం,
20-8-1998

ఏమండీ,

కామరాజుగారు వచ్చారు. తోట అత్తయ్యగారి పేరున ఉంది కాబట్టి ఆవిడ్నే అడిగారు. ఆవిడ ఆయనకి జవాబివ్వకుండా, ఆ రోజు ఎందుకేడ్చావమ్మా అని నన్నడిగారు. ఇక దాచలేక అంతా చెప్పేశాను. అప్పుడాయన వైపు తిరిగారు.

"కామరాజూ, మా కోడలు పెంచుకున్నదాన్ని తెలీక చంపేసేను. తెలిసి తోటని కూడా చంపమంటావా? ఇవ్వను" అన్నారు.

ఎలాగూ చచ్చే చెట్లే కదండీ అన్నారాయన. నిజమే, బంక బాగా కారిన చెట్లు బతకవని ఆఫీసరుగారు కూడా చెప్పారు. పక్క చెట్లకి అంటకుండా ఆపగలమేమో, అంతే. ఆ మాటే అత్తయ్యగారికి చెప్పాను. "పక్కవైనా మనవే కదమ్మా" అన్నారు.

మళ్ళీ పిండి కలిపాం. ఈసారి ఆవిడే కలిపారు. నా అలసట ఇంకా తీరలేదు. ఈ బూజు పని చేస్తుందో లేదో నాకూ తెలీదు. కానీ తోట ఇవ్వడం లేదు. ఇకమీదట తోట గురించి ఇలా చెయ్యమని రాయకండి. ఏం చేద్దామని అడగండి.

మీ
కృష్ణవేణి