నూలు నీడల్లో మోహన

కమలా,

నిన్న నీ తిథి. భోజనాలయ్యాక తిరుత్తణిలో మీ ఇంటి వెనక గది కిటికీలు మూసి, తెల్ల పంచె తెరగా కట్టి, నేను తీసిన ఫిల్ము వేశాను. నాలుగు నిమిషాలే. శబ్దం లేదు.

టేపులో నీ మోహన రాగం ఆలాపన వింటూ, మీ మగ్గం మీది పడుగు నూలు వెనక దీపాన్ని జరుపుతూ, గోడమీద పడ్డ నీడలు తీశాను. కింది స్వరాలకు దీపం నూలు దగ్గరికి తెచ్చాను, నీడలు లావుగా పరుచుకున్నాయి. పై షడ్జానికి వెనక్కి జరిపాను, వెంట్రుకల్లా నిలిచాయి. పాట వినపడకుండానే కంటికి అందుతుందా? నాకు అదే తేలాలి. నీ పాట అని మాత్రం చెప్పాను.

మామ నవ్వాడు. "ఏంది అల్లుడా, మా పడుగును సినిమాలో ఏసినావు, హీరోయిన్ యాడ?"

"సుమ్మా ఉండు నాయినా," అని ఊరుకోబెట్టింది నీ చెల్లెలు సుగుణ. "అక్క ఇంకా కింది స్వరంలోనే ఉండాది. మెల్లంగా ఎక్కుతాది చూడు."

నీడలు సన్నబడ్డాయి. సుగుణ తొడమీద వేళ్ళు కదిలిస్తూ ఉంది. పై షడ్జానికి ముందు తెర చటుక్కున నల్లబడింది. మిషను చెడిందనుకుని మామ లేవబోయాడు. సుగుణ చెయ్యి పట్టుకుని ఆపింది.

"కూర్చో నాయినా. అక్క ఊపిరి తీసుకుంటా ఉండాది."

నువ్వు ఊపిరి తీసుకున్న చోట నేను దీపానికి రెండు చేతులూ అడ్డం పెట్టాను. అది ఎవరికీ చెప్పలేదు.

నీ పాట తెరకెక్కింది, కమలా. మళ్ళీ వెలుగు వచ్చేదాకా ముగ్గురం కదలలేదు.