పాతరేవు గవ్వల బండి దగ్గర తప్పిపోయిన లిడియా

పాతరేవు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గారి సముఖమునకు,
తార్నాక, హైదరాబాదు నివాసి, సువార్త సేవకుడు ఏసురత్నం వ్రాసుకొను అర్జీ.

విషయం: ఆరేళ్ల లిడియాను చూసిన సాక్షికి అభయమిచ్చి, బస్టాండు కెమెరా దృశ్యాలు అతనికి చూపించవలసినదిగా ప్రార్థన.

అయ్యా,

1. నేను ఏ బైబిలు కాలేజీలోనూ చదవలేదు. తార్నాకలో పంక్చర్లు వేసుకుంటూ, సాయంత్రాలు వాక్యం చెప్పుకునేవాడిని. పాప తల్లి ఈరమ్మ యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ మెస్సులో చపాతీలు చేస్తుంది. పోయిన నెల రెండో శనివారం మా ప్రార్థన సహవాసం వారందరం బస్సు మాట్లాడుకొని తమ బీచ్‌కు వచ్చియుంటిమి.

2. హాస్టల్ పిల్లలకు ఇవ్వడానికని ఈరమ్మ గవ్వల దండలు బేరమాడినది. బేరం తెగలేదు. తెగనప్పుడు వెనక్కి చూడకుండా నడిచిపోవడం, బండివాడు తానే పిలిచేదాకా ఆగకపోవడం మా ఆడవాళ్లందరికీ తెలిసిన పద్ధతే. తిరిగి చూస్తే ధర దిగదు. పాప వెంటే వస్తున్నదనుకొన్నది. "రండమ్మా, మీరన్న ధరకే తీసుకోండి" అని పిలుపు వచ్చి, ఆమె తిరిగేసరికి పాప లేదు. వాక్యంలో లోతు అనువాని భార్య వెనక్కి చూసి ఉప్పుస్తంభమైనది. ఈ తల్లి చూడక అయినది.

3. తమ స్టేషనులో ఫిర్యాదు తీసుకొన్న జమేదారు గారు, "ఏమ్మా, దండలు చవగ్గా వచ్చాయా?" అని అడిగిరి. "తీస్కోలే సారూ, గాడనే ఇడిసిపెట్టిన" అని ఈరమ్మ నిజంగానే జవాబు చెప్పినది. వ్యర్థమైన ప్రతి మాటకూ లెక్క అడిగే దినమొకటి ఉన్నదని తమరికి గుర్తుచేయుట నా విధి.

4. మరునాడే, అనుమతులు లేవని బండ్లన్నీ ఎత్తివేయించితిరి. ఆ గవ్వల బండి వెంకటస్వామిని మొన్న మళ్లీ వచ్చి నేనే వెదకి పట్టుకొన్నాను. అతడన్నది ఉన్నదున్నట్టు వ్రాయుచున్నాను: "చూశానండీ. పచ్చచీర ఆవిడెవరో పాపకి ఐసు కొనిపెట్టి, చెయ్యి పట్టుకుని బస్టాండు వైపు తీసుకెళ్లింది. వాళ్ల మనిషే అనుకున్నాను. అనుమతి లేని బండి కదా, ఆ రోజే చెప్పడానికి భయమేసింది. మొహం చూస్తే పోల్చుకుంటాను. కానీ స్టేషనుకి మాత్రం రమ్మనకండి. బండి మళ్లీ లాక్కుంటే మా ఇంట్లో పొయ్యి వెలగదు."

5. కెమెరాలోని పాత దృశ్యాలు నెల రోజులకు వాటంతటవే చెరిగిపోవునని విన్నాను. కావున బండి ముట్టబోమని తమ సంతకంతో ఒక్క కాగితం వెంకటస్వామికి ఇచ్చి, అవి చెరగకముందే చూపించవలెను. దేవునికి భయపడని న్యాయాధిపతి సైతం పోరు పడలేక ఒక విధవరాలి మొర విన్నాడు. ఈరమ్మ విధవరాలే. పోరు మానేవాడిని నేనూ కాను. తొంభైతొమ్మిది గొర్రెలను విడిచి, తప్పిపోయిన ఒక్కదానిని వెదకబోయిన కాపరి, తప్పెవరిదని ముందుగా విచారణ పెట్టలేదు.

ఇంకొక్క దినము జారిపోకముందే ఈ మొర చిత్తగించవలెను.

మొదట దేవునికి, తరువాత తమకు,
తమ విధేయుడు,
ఏసురత్నం

తా.క.: నిన్న సాయంత్రం క్యాంపస్‌లో చెట్ల కింద అందరం పాప కోసం మొరపెట్టినాము. నేను ముగించబోతే ఈరమ్మ అడ్డుపడ్డది. "అన్నా, ఆమెన్ అనకు. అంటే అయిపోయినట్టు గద" అన్నది. అనకుండానే లేచినాము సార్. ఇంకా అనలేదు.